మంద దిగిన చావడి

మా ఊళ్లో ఇళ్ల కమిటీ మొదటిసారి కూర్చున్న రోజు ఇల్లు లేనివాళ్లంతా చావడి బయట ఎండలో నిలబడ్డారు. ఇల్లున్నవాళ్లు లోపల పెంకుల నీడన కూర్చుని, ఇల్లు లేకపోతే మనిషికి ఎంత కష్టమో చెప్పుకున్నారు. నేను లోపలే ఉన్నాను. కమిటీలో గొర్రెల కాపరుల తరఫున ఒక్కడైనా ఉండాలని సమితి వాళ్లు చెప్పారట. మూడో తరగతితో బడి మానేసినా సంతకం పెట్టగలను, నలుగురినీ నవ్వించగలను. సంతకం పెడతాడు, నవ్విస్తాడు, ఎదురు చెప్పడు అనుకుని నన్ను వేసుకున్నారు. మూడింట్లో రెండు నిజమే.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. మాది మర్రిగూడ అవతల మెట్ట ఊరు. వాన పడదు, పడితే మాత్రం బాకీ అంతా ఒకేసారి తీర్చుకుంటుంది. ముందటి ఏడు అలాంటి వానకే మా వాడలో ఐదిళ్లు కూలాయి. మట్టి గోడలు నాని నాని నిలబడ్డచోటే కూర్చున్నాయి. అందులో ఒకటి మా చిన్నమ్మది, అంటే మా అమ్మ చెల్లెలిది. చిన్నాయన అంతకుముందే పోయాడు. ఆమె తన ఇద్దరు ఆడపిల్లలతో గొర్రెపిల్లలను తోలే కొట్టంలోకి మారింది. నిలబడితే తల తగిలే కప్పు, పడుకుంటే ముఖం నాకే పిల్లలు. "గొర్రెపిల్లలకు నేనే కిరాయిదారును, కొడుకా. ఎల్లగొట్టకుంటె అదే పదివేలు" అనేది. పెద్దపిల్ల ఎదుగుతున్నది. తలుపు లేని చోట ఎదిగే ఆడపిల్ల ఉన్న తల్లికి నిద్ర ఎలా పడుతుందో మీరే ఊహించుకోండి.

సర్కారు సగం ఇస్తుంది, ఊరు సగం వేసుకోవాలి, మిరుగం కార్తె, అంటే తొలకరి వానల నాటికి గోడలు లేవాలి. ఇదీ సమితి మాట. ఊరి సగం ఎక్కణ్నుంచి తేవాలన్నదే ఆనాటి చర్చ.

"ఇంటికింత అని చందా ఏసుకోవాలె" అన్నాడు పట్వారి, ముక్కుపొడి డబ్బీ మూత తీస్తూ.

"పైసలుంటే మేమే కట్టుకుందుము గద, పట్వారిగారు. ఇంత ఎండల మిమ్ములను ఎందుకు తిప్పలపెడుదుము?" అన్నాను. అంతా నవ్వారు. పటేలు మాత్రం నవ్వకుండా నావైపే చూశాడు.

"పైసలు లేవు, సరే. మందలున్నయి గద" అన్నాడు.

మందల సంగతి కాస్త చెప్పాలి. పంట కోతలయ్యాక మేము మా గొర్రెలను రాత్రిపూట ఒకరి చేనులో పడుకోబెడతాం. దాన్ని మంద పెట్టడం అంటారు. గొర్రెల ఎరువుకు చేను నల్లబడుతుంది, మరుసటి ఏడు జొన్న మనిషెత్తు లేస్తుంది. ఆ చేను మీద రాత్రులన్నీ అయిపోయి మంద లేచాక, చేనుగలాయన మాకు జొన్నలు కొలుస్తాడు. లేచాక మాత్రమే. ముందు అడగడం మా ఇంటావంటా లేదు. "మంద దించకముందు జొన్నలడిగెటోడు కాపరి కాదు, బిచ్చగాడు" అని మా తాత అనేవాడు.

పటేలు వేసిన పథకం ఏమిటంటే, ఈసారి వాడలోని మందలన్నీ ఇళ్ల కోసమే దిగాలి. వచ్చే జొన్నలు మా ఇళ్లకు పోకుండా పటేలు గాదెలోకి పోవాలి. వైశాఖంలో అమ్మి ఊరి వాటా కట్టేయాలి. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. మరి మందలు ఎక్కడ దిగాలి? కమిటీ కోసం కదా, కమిటీ చేనులో దిగాలి. కమిటీకి చేను లేదు. కమిటీ మెంబర్లకు ఉన్నాయి. చేను లేని మెంబరును నేనొక్కణ్నే.

"పటేలా, మంద మాది, చేను మీది. ఇల్లు లేసేది మా వాడలనేనా, మీ చేన్లనా?" అని అడిగాను. మళ్లీ అందరూ నవ్వారు. నవ్వుతూనే పథకం ఖాయం చేసుకున్నారు.

చిన్నమ్మ ఆ పథకాన్ని దేవుడి మాటలా నమ్మింది. కూలిన ఇంటి పక్కన సమితి వాళ్లు చూపిన జాగాలో నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టింది. మిగతా నాలుగిళ్ల వాళ్లూ ఆమెను చూసి పెట్టారు. ఆమె తన రాళ్ల మధ్య నిలబడి పిల్లలకు పొయ్యి ఎక్కడో, దండెం ఎక్కడో, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూపించేది. చిన్నపిల్ల లేని తలుపు తీసుకుని లోపలికి వచ్చేది. పక్క ఊరి రైతులు వచ్చి, "మా చేన్ల మంద పెట్టు వదినె, జొన్నలు అప్పటికప్పుడే కొలుస్తం" అంటే ఒప్పుకోలేదు. ఆ ఎండాకాలం ఆ ఇంట్లో తాగే జొన్న గటుక ఎంత పలచగా ఉండేదంటే, గిన్నెలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

పటేలు చేలు, పట్వారి చేలు ఒకదాని తరువాత ఒకటి నల్లబడ్డాయి. వైశాఖం వచ్చింది. సమితి ఆఫీసరు జీపులో వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, మాటకు ముందో అండీ, వెనకో అండీ. చావడి ముందు పందిరి వేశారు, పటేలుకు దండ వేశారు. చిన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని పిల్లలను ముందు నిలబెట్టింది.

"మా గొర్లోళ్లందరు మందలు పెట్టి శ్రమదానం చేసిండ్రు సార్" అన్నాడు పటేలు.

నా చెవులు గింగురుమన్నాయి. "దానమెక్కడిది పటేలా? గాదెల పోస్తనన్న జొన్నలేవి?" అన్నాను.

"ఏం జొన్నలురా? దానం జేసినంక కూలి అడుగుతరా ఎవరన్న? మీ గొర్లు నా చేన్ల కొయ్యకాళ్లు మేసినయి, నా తుమ్మకాయలు మేసినయి. నేనేమన్న అడిగిన్నా?"

"దానికీ దానికీ చెల్లు" అన్నాడు పట్వారి. అని గట్టిగా ఒక తుమ్ము తుమ్మాడు.

ఆఫీసరు మమ్మల్నీ పటేలునూ మార్చి మార్చి చూశాడు. "చూడండీ, శ్రమదానమంటే ఇంటి పని చేసుండాలండీ. రాయి మోయాలి, మట్టి తొక్కాలి. చేలో ఎరువు వేస్తే ఇల్లు లేవదు కదండీ" అన్నాడు. చెడ్డవాడు కాదు. మజ్జిగ కూడా సగమే తాగాడు. కానీ ఊరి వాటా కనపడని ఊరికి సర్కారు వాటా లేదన్నాడు. ఆ ఇళ్లు వేరే ఊరికి పోయాయి. జీపు వెనక దుమ్ము లేచింది, ఆ దుమ్ము దిగేసరికి పటేలు దండ తీసి మేకుకు తగిలించాడు.

దొంగ అన్నవాడు గోడకు కన్నమైనా వేయాలి. మా వాళ్లకు గోడలే లేవు కనుక, పాపం, పటేలుకూ పట్వారికీ ఆ శ్రమ కూడా తప్పింది. ఇల్లు కావాలా అని అడిగారు, కావాలంటే అన్నం తీసుకున్నారు, తీసుకున్నదానికి దానమని పేరు పెట్టారు, దండ మాత్రం వాళ్లే వేసుకున్నారు. నవ్వించడానికి నన్ను కమిటీలో వేసుకున్నారు కదా, నిజంగా నవ్వాల్సిన రోజున నా నోట ఒక్క నవ్వు మాట రాలేదు. ఇన్నేళ్లయినా ఆ దండలోని బంతిపూల వాసన గుర్తొస్తే నా ఒళ్లు మండుతుంది.

 చిన్నమ్మ పోయి తన నాలుగు రాళ్ల మధ్య కూర్చుంది. చిన్నపిల్ల తల్లిని, "అవ్వా, తలుపు ఇంక రాదా?" అని అడిగితే, "గొర్లను తోలుకరాపో" అంది.

మిరుగం తొలి వాన పొద్దుగూకే వేళ వచ్చింది. కొట్టం నీళ్లలో మునిగి ఉంటుందని నేను అటు ఉరికాను. కొట్టం ఖాళీ. గొర్రెల అరుపులు చావడి దిక్కు నుంచి వినపడుతున్నాయి. పోయి చూస్తే, చావడి నిండా మంద. తడిసిన ఉన్ని వాసన గుప్పుమంటోంది. కమిటీ బల్ల మీద పిల్లలిద్దరూ మూటలు పెట్టుకుని కూర్చున్నారు. పటేలు కూర్చునే అరుగు మీద చిన్నమ్మ కొంగు పిండుకుంటోంది.

"ఏం పని చిన్నమ్మా ఇది?"

"మంద దించిన, కొడుకా."

"చావడిలనా?"

"కమిటీకి మంద పెట్టుమన్నరు గద. కమిటీ చేను గిదే."

నా నోరు నాకు తిరిగొచ్చింది. "మంచిగ పెట్టు. ఎన్ని దినాలైనా ఈ కమిటీల ఏం పండలే. ఎరువు పడితెనన్న మొలుస్తదేమో" అన్నాను.

పటేలు గొడుగేసుకుని వచ్చాడు. వెనక సగం ఊరు వచ్చింది. "లేపు మందను!" అని అరిచాడు.

అంతవరకూ మీరు అన్న నోటితో చిన్నమ్మ, "నువ్వే లేపు పటేలా" అంది.

పటేలు కర్ర ఎత్తాడు. గొర్రెలు నెమరు వేస్తూ అతన్ని చూశాయి. అతను గొర్రెలను చూశాడు. వెనకున్న రైతులంతా కర్రనే చూశారు. దిగిన మందను కర్రతో లేపితే లక్ష్మిని వెళ్లగొట్టినట్టని మా దిక్కున అందరి నమ్మకం. అందరికంటే ఎక్కువగా పటేలుది. చిన్నప్పుడు తన చేనులో మందను అదిలించినందుకు సొంత తమ్ముణ్నే కొట్టాడని చెప్పుకునేవారు. పైగా తెల్లారితే విత్తనం వేసే పొద్దు. కర్ర మెల్లగా కిందికి దిగింది.

"నా జొన్నలు కొల్చెదాంక మంద లేవది. కాపరి మంద కాడనే పండుతడు. అది గూడ కట్టుబాటే" అంది చిన్నమ్మ.

పగలు మేతకు సగం మందను నేను తోలుకుపోయేవాణ్ని, సగం చావడిలోనే ఉండేది. అవి వచ్చాక మిగతా సగం. మంద లేచిందని ఒక్క ఘడియైనా ఎవరూ అనలేకపోయారు. పట్వారి తన కాగితాలు నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసుకుపోయాడు. మిగతా నాలుగిళ్ల వాళ్లు రోజూ వచ్చి చూసి పోయేవారు, వాళ్ల మందలు చిన్నవి, వాళ్ల ధైర్యం ఇంకా చిన్నది. వాళ్లను తప్పుపట్టను. పటేలు చేనులో కూలికి పోకపోతే వాళ్ల పొయ్యి వెలగదు.

అంతలో జమాబందికి, అంటే ఊరి శిస్తు లెక్కలు చూడడానికి, తాసిల్దారు వస్తున్నాడని కబురొచ్చింది. కూర్చునేది చావడిలోనే. పటేలు నన్ను పిలిపించాడు.

"మీ చిన్నమ్మకు చెప్పు. నా జీతగాళ్లను పంపుత. రాతిగోడ పెడుతరు, నా తాళ్ల కమ్మలే కప్పుతరు. పాత తలుపొకటి ఉన్నది, అది గూడ ఇస్త."

"గింత ఖర్చెందుకు పటేలా? జొన్నలు కొలిస్తే దీంట్ల సగం గూడ కాదు గద."

"జొన్నలు కొల్వ" అన్నాడు. అంతే.

బయటికొచ్చాక అర్థమైంది నాకు. జొన్నలు కొలిస్తే కూలి ఎగ్గొట్టానని ఒప్పుకున్నట్టు. ఒకరికి కొలిస్తే ఐదుగురికీ కొలవాలి. గోడ పెట్టిస్తే దయ చేసినట్టు. దయను ఒక ఇంటి దగ్గర ఆపొచ్చు. అన్యాయం చేసినవాడికి రెండింతలు ఖర్చు పెట్టడం తేలిక, ఒక్క మాట ఒప్పుకోవడం మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

ఆ మాటే చిన్నమ్మతో అన్నాను. ఆమె పెద్దపిల్ల జడ అల్లడం పూర్తి చేసింది. తరువాత మిగతా నాలుగిళ్ల ఆడవాళ్లను పిలిచి అడిగింది. వాళ్లలో ముసలామె అంది: "తీస్కో బిడ్డా. మేం ఎట్లనో ఒగట్ల ఎల్లదీస్తం. ఆడపిల్లల తల్లివి. ముందుగాల తలుపు రానీ."

వాన తెరిపిచ్చిన రోజుల్లో పటేలు జీతగాళ్లు గోడలు లేపారు. కమ్మలు కప్పారు. తలుపు బిగించారు. చిన్నపిల్ల దాన్ని ఎన్నిసార్లు తీసి మూసిందంటే, బందులు ఆ రోజే అరిగిపోతాయని భయమేసింది. చిన్నమ్మ లోపలికి పోతూ ఒకసారి పక్కకు చూసింది. పక్కన నాలుగు జాగాల్లో రాళ్లు అలాగే ఉన్నాయి, మధ్యలో నీళ్లు నిలిచాయి.

మంద చావడి నుంచి లేచిన పొద్దుననే ఊరంతా చూస్తుండగా పటేలు బండి వచ్చింది. ఎందుకనుకున్నారు? చావడి నిండా మోకాలెత్తు ఎరువు పడి ఉంది కదా, దాన్ని ఎత్తుకుపోవడానికి. సిగ్గు అనేది గొర్రె కాదు కదా, తోలితే తిరిగి రావడానికి.

చిన్నమ్మ చావడి గడపలో అడ్డంగా నిలబడింది. "పటేలుకు చెప్పు. ముందుగాల జొన్నలు. ఎనుక ఎరువు."

"వదినె, నేను జీతగాన్ని, నాకేం తెల్వది."

"నీకు తెల్వదు. ఆయనకు తెలుసు. పో."

బండి ఖాళీగా పోయింది. పొద్దెక్కాక తిరిగొచ్చినప్పుడు అందులో ఒక బస్తా ఉంది. పాత కూలికి కాదని పటేలు మరీ మరీ చెప్పి పంపాడట. ఈ ఎరువుకే, ఈ ఒక్కదానికే అని. చిన్నమ్మ ఆ బస్తాను కొత్తింటికి తేలేదు. చావడి ముందే విప్పించి, రాళ్లు తప్ప గోడలు లేని ఆ నాలుగిళ్ల వాళ్ల కొంగుల్లో పోసింది. ఇల్లు లేవడానికి అవి చాలవు. ఆ ఏడు వాళ్లు కమ్మల కిందే తడిశారు, ముసలామె ఆ తడికే దగ్గి దగ్గి పోయింది. ఆమె పేరిట ఏ కమిటీ కూర్చోలేదు.

నన్ను మళ్లీ ఎవరూ మెంబరుగా పిలవలేదు. మా వాడలో ఒక్కటి మాత్రం మారింది. ఆ మరుసటి ఏడు నుంచి, చేను పటేలుదైనా పక్క ఊరివాళ్లదైనా, జొన్నలు కొలిచాకే మంద దిగుతుంది. మా తాత ఉంటే బిచ్చగాళ్లలారా అనేవాడు. అననీ.