వానొద్దని మొక్కుకున్న మధ్యాహ్నం

మొన్న మా తమ్ముడి కొడుకు, తమ ఆఫీసు లెక్కలన్నీ ఇప్పుడు క్లౌడ్‌లోనే నడుస్తాయని చెబుతుంటే, నేను అలవాటు కొద్దీ కిటికీలోంచి ఆకాశం వంక చూశాను. వాడు నవ్వాడు. మబ్బు మాట వినబడితే అనంతపురం వాడి మెడ దానంతటదే పైకి లేస్తుందని, బెంగళూరులో పెరిగిన వాడికేం తెలుసు?

రెండువేల దశకం చివర్లో ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. పాత కంప్యూటర్లను వైర్లతో కలిపి, అన్నీ ఏకమై పెద్ద లెక్కలు చేసేలా ఒక క్లస్టరు కట్టాం. పరిశోధక విద్యార్థులు తమ లెక్కలను జాబులుగా, అంటే యంత్రానికి అప్పజెప్పే పనులుగా, వరుసలో పెట్టేవారు. ఎవరి జాబు ఎంతసేపు నడిచిందో డేటాబేసులో రాసిపెట్టడానికి, తెరవెనుక చప్పుడు లేకుండా డీమన్ అనే ప్రోగ్రాము ఒకటి నడిచేది. ఎక్కువ వాడుకున్నవాళ్ళు ఆ లెక్కను బట్టి వరుసలో వెనక్కి జరిగేవారు. బుక్కరాయసముద్రం చెరువు కింద ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే నీరుగంటి మా నాయన. నా పనీ అలాంటిదేనంటే మొదట సంతోషించాడు గానీ, డీమన్ అంటే దయ్యమని ఎవరో చెప్పాక, మావాడు కాలేజీలో దయ్యాన్ని మేపుతాండాడని ఊరంతా చాటాడు. నా జీతం చూసినవాళ్ళకు, మేత మాత్రం దయ్యానికే దక్కుతోందని అనిపించి ఉంటుంది.

నన్ను అన్నా అని పిలిచే ధర్మవరం అమ్మాయి ఒకతె, పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల, భూగర్భజలాల మీద పరిశోధన చేస్తుండేది. సోమవారం పరీక్షకులు వస్తారనగా చివరి లెక్క ఒకటి మిగిలింది. అది తేలకపోతే ఆమె పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. తీరా చూస్తే, ఆమె జాబు వరుసలో అట్టడుగున ఉంది.

“ఏందన్నా, నేను వాడింది రవ్వంత. నీ దయ్యం నా మీద ఇంత రాసిపెట్టిందే?”

తవ్వి చూస్తే తప్పు కరెంటుది. కోత పడినప్పుడల్లా ఆమె జాబులు మధ్యలోనే చచ్చిపోయేవి, ఆ చావు కబురు మాత్రం డీమన్‌కు అందేది కాదు. అవి బతికి నడుస్తున్నాయనుకుని అది అమాయకంగా ఆమె ఖాతాలో గంటలు రాసుకుంటూ పోయింది. నేను ఆ చచ్చిన జాబులన్నింటికీ అంత్యక్రియలు జరిపి, ఆ దొంగ గంటలను ఆమె ఖాతాలోంచి కొట్టేశాను. శనివారం మధ్యాహ్నానికి ఆమె లెక్క ముందుకొచ్చి నడక మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే పడమట మబ్బు పట్టింది. మా ఊళ్ళో వాన వస్తే కరెంటు పోతుంది, కరెంటు పోతే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. వరుసలో ఆమె వెనకే ఉన్న మడకశిర అబ్బాయి, గొర్రెలు కాసుకునే ఇంట్లోంచి వచ్చి యంత్రాల మీద పరిశోధన చేస్తున్నవాడు, ఊరుకోలేదు.

“ఏమమ్మా, సదివేది నీళ్ళ సదువు, మొక్కేది వానొద్దనా? మా నాయన వింటే గొర్రెల్నన్నీ నీ మీదికి తోల్తాడు.”

“సాయంత్రం దాకా ఆగమంటాండా, అంతే. నీ గొర్రెలేం సావవులే.”

వాన ఆగలేదు. పెద్ద పెద్ద చినుకులతో మొదలై, మట్టి వాసన గదిలోకి వచ్చేలోగా కరెంటు పోయింది. ముందుగా నవ్వింది ఆ పిల్లే. “పడనీలే అన్నా, ఎన్నాళ్ళకు వచ్చె” అంటూ వరండా దిగి తడవడానికి పోయింది. కరువు సీమ బిడ్డలం, మేమూ ఆమె వెనకే దిగాం.

పొద్దుగూకే వేళకు కరెంటు వచ్చింది. డీమన్‌ను లేపి చూస్తే, ఆమె వంతు మధ్యాహ్నమే వాడేసినట్టు రాసి ఉంది; న్యాయం ప్రకారం తర్వాతి వంతు మడకశిర అబ్బాయిది. అతను తల తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చాడు.

“నా జాబులన్నీ తీసెయ్యన్నా, ఆ యమ్మది కానీ. మా ఊర్లో గూడా పడిందంట. నాకిప్పుడేం తొందర?”

ఆదివారానికి ఆమె లెక్క తేలింది. సోమవారం పరీక్షకులకు చూపించింది, పట్టా తెచ్చుకుంది.

క్లౌడ్‌లో ఇప్పుడు వరుసే కనబడదని మా తమ్ముడి కొడుకు అంటున్నాడు. ఎన్ని కంప్యూటర్లు కావాలంటే అన్ని, అడిగిన క్షణంలో దొరుకుతాయట, వాన పడినా లెక్క ఆగదట. మంచిదే. కాకపోతే మన వెనక ఎవరు ఎదురుచూస్తున్నారో తెలియదు. ఎవరి కోసమైనా వంతు వదులుకుందామన్నా, వదులుకోవడానికి వంతంటూ ఒకటి లేదు.