పదిహేడో పనికి గడి లేదు

పోయిన శనివారం పొద్దున కాఫీ కప్పు ఇంకా చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. అమెరికాలోని అరోరాలో మా ఇంటికి అరగంట దూరంలో పాత సైనిక వాహనాల మ్యూజియం ఒకటి ఉంది. అక్కడి మరమ్మతుల షెడ్డులో నాలాగే వారాంతాల్లో పనిచేయడానికి కొత్తగా చేరిన మిత్రుడు చేశాడు. "అన్నా, ట్యాంక్ స్టార్ట్ చేసే నీ లిస్ట్‌ల నలభై రెండు పనులున్నయ్. అన్నిటికీ టిక్ పెట్టే బాక్స్ ఉంది, పదిహేడుకి లేదేంది? ప్రింట్ మిస్టేకా? ఫిక్స్ చెయ్యనా?" "ముట్టుకోకు" అన్నాను, అవసరమైన దానికన్నా కొంచెం గట్టిగానే. ఫోన్ పెట్టేసరికి కాఫీ చల్లారిపోయింది. ఆ లేని గడి వెనక మా మామగారున్నారు.

ముందు ట్యాంకు గురించి చెప్పాలి. అది ఎం3 లైట్ ట్యాంక్. రెండో ప్రపంచ యుద్ధం కోసం రైలు పెట్టెలు చేసే ఫ్యాక్టరీలో తయారైంది. బరువు పదమూడు టన్నుల దగ్గర, లోపల నలుగురు మనుషులు, ముందు ముప్పై ఏడు మిల్లీమీటర్ల ఫిరంగి. ఇంజిన్ మాత్రం విమానాల కోసం పుట్టింది: ఏడు సిలిండర్లు, పువ్వు రేకుల్లా చుట్టూ అమర్చి ఉంటాయి. అంత ఎత్తున్న ఇంజిన్‌ని వెనక నిలబెట్టేసరికి దాని ఇరుసు సరిగ్గా సైనికులు కూర్చునే చోటు మధ్య నుంచి పోవాల్సి వచ్చింది. పాపం, వాళ్ళు దానికి అటూ ఇటూ ఒదిగి యుద్ధం చేశారు. కవచం దళసరి చేస్తే బరువు పెరిగింది. అందుకని వెనక చక్రాన్ని కిందికి దించి నేలకి ఆనించారు. రబ్బరు పట్టాలు ఊడవు, ఇంజిన్ మొరాయించదు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో దీన్ని నడిపిన బ్రిటిష్ సైనికులు ముద్దుగా 'హనీ' అని పిలుచుకున్నారు. జర్మన్ ట్యాంకుల ముందు దాని ఫిరంగి చాలేది కాదు. పరుగే దాని బలం. బర్మా అడవుల్లోనూ తిరిగింది. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యం వీటి తర్వాతి రకాన్నే టరెట్లు, అంటే పైన తిరిగే ఫిరంగి గూళ్ళు, విప్పి, కొండల మీదికి చేర్చి, జోజిలా కనుమ మంచులో నడిపింది.

ఈ చివరి వాక్యమే మామగారిని షెడ్డుకి రప్పించింది. ఆయన ఒంగోలులో బస్సు డిపో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అత్తగారితో కలిసి ఆరు నెలలుందామని మా ఇంటికి వచ్చి, రెండు వారాల్లో ఇంట్లో ఉన్న తలుపు బందులన్నిటికీ నూనె వేసేసి, మూడో వారం ఖాళీగా కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ కూర్చున్నారు. జోజిలా మాట చెవిన పడగానే లేచి చొక్కా మార్చుకున్నారు. షెడ్డులో ఆయన చేసిన మొదటి పని ఇనుప కడ్డీ ఒకటి వెతికి పట్టుకుని ట్యాంకు చక్రాలు, బోల్టులు ఒక్కొక్కటే కొట్టి వినడం. డిపోలో రోజూ పొద్దున్నే టైర్లని అలాగే కొట్టి చూసేవారట. షెడ్డు నడిపే అమెరికన్ పెద్దాయనకి తెలుగు రాదు, మామగారికి ఇంగ్లీషు అంతంతే. అయినా ఆ కడ్డీ చప్పుడుకి ఇద్దరూ ఒకేసారి తలూపేవారు. నా లిస్టు మీద మాత్రం మామగారికి నమ్మకం కుదరలేదు. "అల్లుడుగారూ, చెవి పెట్టి వినేది ఇందులో ఎన్నో నంబరండీ?" అనేవారు, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

ఆయన వచ్చిన ఆ వేసవిలోనే మ్యూజియం కమిటీ ఒక మాట తేల్చి చెప్పింది. వచ్చే శనివారం వాళ్ళ కళ్ళముందు ట్యాంకు తనంతట తాను ఆవరణ చుట్టి రావాలి. లేదంటే ఇంజిన్ తీసేసి, మూతలు వెల్డింగ్ చేసి, గేటు ముందు దిమ్మె మీద పెట్టేస్తారు. పెద్దాయన ఆ ఇంజిన్ మీద పదకొండేళ్ళు పెట్టారు. శుక్రవారం సాయంత్రమే నేను సగం లిస్టు పూర్తి చేశాను. పదిహేడో పని: హ్యాండిల్‌తో ఇంజిన్‌ని యాభై చుట్లు తిప్పడం. తిప్పాను, టిక్ పెట్టాను.

శనివారం పది గంటలకి కమిటీ వచ్చింది. మా అత్తగారు పంపిన నిమ్మకాయలు రెండు పట్టాల కిందికి చేరాయి. పెద్దాయన డ్రైవర్ సీట్లో కూర్చుని స్టార్టర్ మీద వేలు పెట్టారు. అప్పుడు వెనక నుంచి మామగారి గొంతు: "ఇయ్యాల తిప్పారా?"

లిస్టు చూపించాను.

"ఇది నిన్నటి టిక్కు కదండీ."

"మామయ్యగారూ, వాళ్ళు వెయిట్ చేస్తున్నారు."

"చెయ్యనీండి. నిన్న కొట్టి చూసిన టైరని ఇయ్యాల కొట్టకుండా బస్సు పంపిస్తామా ఏందండీ?" అని హ్యాండిల్ తీసుకుని ఇంజిన్‌కి తగిలించేశారు. అది లోపల ఉండగా స్టార్టర్ నొక్కే ధైర్యం ఎవరికీ లేదు. ఒక చుట్టు, రెండు, మూడో చుట్టు సగంలో హ్యాండిల్ గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయింది. రాత్రంతా నూనె జారి అడుగు సిలిండర్‌లో నిండింది. స్టార్టర్ నొక్కి ఉంటే లోపలి కడ్డీ వంగిపోయేది. పదకొండేళ్ళు ఒక్క క్షణంలో పోయేవి. కింది ప్లగ్గులు విప్పితే నల్లటి నూనె గిన్నెడు కారింది.

"పాడైందా?" అని కమిటీ అధ్యక్షురాలు అడిగింది. పెద్దాయన కిందికి దిగి, మామగారి భుజం మీద చెయ్యి వేసి, "లేదు. ఇప్పుడే బతికింది" అన్నారు.

ప్లగ్గులు బిగించి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాం. మామగారు తెలుగులో లెక్కపెట్టారు. ఇరవై దాటేసరికి షెడ్డులో అమెరికన్లందరూ ఆయన వెనకే "ముప్పై ఒకటి! ముప్పై రెండు!" అని అరవడం మొదలుపెట్టారు. యాభై. హ్యాండిల్ తీసేశాం. పెద్దాయన మళ్ళీ సీట్లోకెక్కి స్టార్టర్ నొక్కారు. ఒక దగ్గు, ఇంకో దగ్గు, తెల్లటి పొగ, ఆ పొగలోంచి ఏడు సిలిండర్ల గర్జన. నిమ్మకాయలు చితికాయి. ఈలోగా టరెట్ ఎక్కి నడుం దాకా పైకి నిలబడ్డ మామగారు ఇనుప ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్!" అన్నారు. ట్యాంకు జెండా కర్ర చుట్టూ తిరిగి, కమిటీ ముందు నుంచి ఠీవిగా వెనక్కి వచ్చింది. వెల్డింగ్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన పట్టుబట్టి నిమ్మకాయలని నలభై రెండో పనిగా లిస్టులో చేర్పించారు. పదిహేడో గడిని మాత్రం ఆ సాయంత్రం నేనే చెరిపేశాను.

మామగారు ఇప్పుడు ఒంగోలులో ఉంటారు. శనివారం వస్తే చాలు, బాగున్నారా అనే ముందే "తిప్పారా?" అని అడుగుతారు. మొన్న మిత్రుడు ఇంజిన్‌ని హ్యాండిల్‌తో తిప్పిన వీడియో పంపాక, తిప్పామని ఆయనకి చెప్పాను. గడిచిన రోజు ఎంత ఘనమైనదైనా దాని టిక్కు దానితోనే పోతుంది; తెల్లారితే హ్యాండిల్ మళ్ళీ ఒకటి నుంచి తిప్పాల్సిందే.