రాహేలక్క చదివింపు

మొన్న కాశీబుగ్గలో టీ తాగుతుంటే, పక్కన ఆగిన ఆటోలోంచి బరువైన దరువొకటి వచ్చి గ్లాసులో టీని కదిలించింది. దరువుకీ దరువుకీ మధ్య ఖాళీ చోటు చూసి గిటారు టక్కుమంటోంది. గాలిలో జీడిపిక్కలు కాల్చిన ఘాటు. ఆ రెండూ ఒక్కసారే తగిలేసరికి రాహేలక్క నా బల్ల మీద వచ్చి కూర్చున్నట్టయింది. ఆ పాటకు టీకొట్టు మొత్తం లేచి గంతులేసిందని రాయాలని ఉంది. కానీ కదిలింది నా కాలి బొటనవేలొక్కటే.

రాహేలక్క మా జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళకు మేస్త్రీ. కాలితో తొక్కితే మిషను పిక్కను పట్టుకుంటుంది, చేత్తో మీట తిప్పితే చిప్ప విడిపోతుంది. ఆ చప్పుడు మీదుగా ఆవిడ చర్చి పాటలు పాడేది. నేను బస్తాలు మోస్తూ కోతలు కోసేవాణ్ణి. వజ్రపుకొత్తూరు ఒడ్డున నాలుగు పడవలంత చేపను ఒంటిచేత్తో లాగానని ఒకరోజు చెప్పాను. మిగతావాళ్ళు మధ్యలోనే నవ్వేశారు. ఆవిడ మాత్రం చివరిదాకా విని, “అయిపోనాదా? ఇప్పుడు నిజం సెప్పు” అంది. చేప పడవలో సగమే ఉందనీ, లాగినవాళ్ళు వేరే అనీ, నేను గట్టు మీద నిలబడి కేకలేశాననీ ఒప్పుకున్నాను. “ఈ కేకలేసినోడి కతే బాగున్నాదిరా సింహాచలం” అంది. కోతలు మానమని ఆవిడ ఏనాడూ అనలేదు. లేచి వెళ్ళేముందు నిజం కూడా అక్కడ పెట్టి వెళ్ళమనేది. ఇప్పటికీ నా కథ నడిచే తీరు అదే.

ఇద్దరం పనిలోంచి దిగిపోయాక ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు, తర్వాత ఏమిటని మాత్రం అడుగుతారు. పలాసలో డయాలసిస్ మొదలైంది. ఆయాసంతో గొంతు పోయింది, చర్చిలో ముందు వరసలోంచి వెనక బెంచీకి మారింది. ఒక సాయంత్రం చూడబోతే, ఎన్నాళ్ళనుంచో మనసులో ఉన్న కోరిక బయటపెట్టింది. మా ఊళ్ళలో నాటకం మెచ్చినవాళ్ళు వేదిక దగ్గరికి వెళ్ళి డబ్బో వస్తువో కానుకగా చదివిస్తారు. ఆటగాడు మైకులో వాళ్ళ ఊరూ పేరూ చెప్పి దీవిస్తాడు. ఆడవాళ్ళు కొంగు ముడి విప్పి ఇచ్చినా వినిపించేది మొగుడి పేరే.

“సచ్చేక సర్చిలో ఎలాగూ సదువుతారు. బతికుండగా ఒకపాలి నా పేరు మైకులో ఇనాలని ఉన్నాదిరా” అంది.

ఆ నెలలోనే సముద్రం ఒడ్డున సంబరాలు పెట్టి, ఎక్కడినుంచో రెగే పాటల బృందాన్ని తెచ్చారు. ఆ పాటగాడు నాకు బాగా తెలుసన్నాను. నాకు తెలిసింది గోడమీద వాడి బొమ్మ మాత్రమే. ఆవిడ కూతురు సువార్త ఒకటికి రెండుసార్లు ఆలోచించి, ఒక చిన్న సీసాడు నీళ్ళు నా చేతికిచ్చి, తల్లి ఎంత అడిగినా అంతకు మించి తాగనివ్వొద్దని చెప్పి ఆవిణ్ణి నా వెంట పంపింది.

పొద్దు వాలుతుండగా ఇసకలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పాటగాడికి నడుందాకా జడలు కట్టిన జుట్టు. రాహేలక్క కాసేపు నుదురు చిట్లించింది. మన పాటల్లో చప్పట్లు పడే చోట వీళ్ళు వాయించకుండా ఊరుకుంటున్నారేమని అడిగింది. ఇంతలో ఆవిడ కాలు ఇసకను తొక్కింది, చెయ్యి గాలిలో మీట తిప్పింది. మళ్ళీ కాలు, మళ్ళీ చెయ్యి. “మన మిషనేరా ఇది. కాలికి డ్రమ్ము, సేతికి గిటారు” అంది. ఆవిణ్ణి చూసి సముద్రం ఒడ్డంతా పిక్కలు కొట్టడం మొదలెట్టింది. సరే, మా పక్కనున్న ఇద్దరు కాలేజీ పిల్లలు.

అప్పుడు సంచిలోంచి జీడిపప్పు పొట్లం తీసి, వెళ్ళి చదివించమంది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి అందించాను. పాటగాడు వంగి తీసుకుని దండం పెట్టి, ఒక పప్పు నోట్లో వేసుకుని, మిగతాది డ్రమ్ములవాడికి విసిరి ఇంకో పాట ఎత్తుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే అక్క కుర్చీ అంచుకు జరిగి, స్పీకరు వైపు చెవి పెట్టి ఉంది. వాడు పేరు చెప్పాడనీ, హోరులో ఆవిడకే వినబడలేదనీ అన్నాను.

“అయిపోనాదా?” అంది.

చెప్పలేదనీ, వాడికి మన పద్ధతి తెలియదనీ ఒప్పుకున్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి జరిగింది. తర్వాత, “తెలీనోడికి సెప్పాల కదరా” అంది మెల్లగా.

మళ్ళీ వెళ్ళాను. కార్యక్రమం నడుపుతున్న తెలుగమ్మాయిని పట్టుకుని అక్క కోరిక చెప్పాను. నా బతుకులో ఉప్పూ కారం కలపకుండా చెప్పిన మాటలు బహుశా అవే. పాట ఆగగానే ఆ అమ్మాయి మైకు తీసుకుని, కాశీబుగ్గ నుంచి వచ్చిన రాహేలమ్మగారు కళాకారులకు జీడిపప్పు చదివించారని చెప్పింది. పాటగాడు చప్పట్లు కొట్టాడు. జనసముద్రం ఘొల్లుమంది. నిజానికి నాలుగైదు వరసలు.

నేను తిరిగొచ్చేసరికి అక్క కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుని ఉంది. “గారు అందా?” అని అడిగింది. అందన్నాను. “నువ్వు కలిపింది కాదు కదా?” కాదన్నాను. ఆ మాటకు నిజం చెప్పమని ఆవిడ అడగలేదు. నీళ్ళ సీసా అడిగి, ఒక గుక్క తాగి, మిగతాది నాకిచ్చేసింది.

మరుసటి వానాకాలంలో అక్క పోయింది. చర్చిలో పాస్టరుగారు పేరు చదివినప్పుడు అందరూ ఏడ్చారు. నేను మాత్రం ఈ పేరు ఆవిడ ముందే వినేసిందిలే అనుకున్నాను.

ఇప్పుడు ఎక్కడ వేదిక కనిపించినా పక్కనున్న ఆడమనిషిని పేరడిగి, ఆ పేరు మీదే చదివిస్తాను. ఈమధ్య టెక్కలిలో నాటకానికి వెళితే పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. “నా పేరెందుకు బావూ, మావోడి పేరు సెప్పండి” అంది. ఆవిడ పేరే చెప్పించాను. పందిరి దద్దరిల్లిందని రాయను, ఎవరూ తల కూడా తిప్పలేదు. ఆవిడ మాత్రం కబుర్లాడుతున్న పక్కావిడ మోచెయ్యి గట్టిగా పట్టుకుని, “ఉండే, నన్ను ఇననీ” అంది.