నాలుగు వేళ్ళ చోటు

నా చిన్నప్పుడు నాకొక జబ్బుండేది. కళ్ళముందు ఏది వంకరగా కనపడినా నోరు ఊరుకునేది కాదు. ఇప్పుడు మాత్రం ఊరుకుంటోందా అని మా ఆయన అడుగుతాడు. ఆయన సంగతి తర్వాత.

అప్పుడు మేము సౌదీలోని జుబైల్లో ఉండేవాళ్ళం. ఊరింకా కడుతూనే ఉన్నారు, ఎటు చూసినా క్రేన్లూ ఇసుకా. నిజామాబాద్ నుంచి వచ్చిన మా నాన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో టైంకీపర్, అమ్మ నర్సు. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళముండేది. అందుకని పక్కింటి అత్తమ్మ దగ్గర ఉండేదాన్ని. వాళ్ళది కడప వైపు. మామ డెంటర్, సొట్టలు పడ్డ బండ్లను సాపు చేసే మనిషి. పెళ్ళయిన ఏడేళ్ళకు మొదటిసారి విజిట్ వీసా మీద అత్తమ్మను తెచ్చుకున్నాడు. ఆమె నా జడలు విప్పి, నూనె రాసి, మళ్ళీ అల్లేది. బళ్ళో ఎవరితో పోట్లాడానో చెబితే ముందు నా పక్షమే మాట్లాడేది. జడ సగానికి వచ్చేసరికి ఆ ఎదుటి పిల్ల పక్షం కూడా నెమ్మదిగా చెప్పేది.

ఆ వీసా ఇంకో నెలలో అయిపోతుంది. పొడిగించాలంటే కఫీల్, అంటే మామను పనిలో పెట్టుకుని ఆ దేశంలో ఆయనకు పూచీగా ఉన్న సౌదీ ఆసామి, సంతకం పెట్టాలి. ఆయనకు ముక్కు మీద కోపం. లోకంలో తండ్రి మాట ఒక్కటే వింటాడు.

ఆ తండ్రికి ఒక పాత కారుండేది. మోరిస్ మైనర్. వయసులో ఉన్నప్పుడు బహ్రెయిన్‌లో ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర కొన్నాడట. పెద్ద యుద్ధం అయిపోయాక ఇంగ్లండులో మామూలు సంసారుల కోసం చేసిన బండి అది, అందులోనూ మొట్టమొదటి రకం. బోర్లించిన గంగాళంలా ఉండేది. దీపాలు కిందికి దిగి జాలీకి అటూ ఇటూ కూర్చునేవి. ముందు అద్దం రెండు ముక్కలు. మలుపు తిరగాలంటే తలుపు పక్క నుంచి ఒక చిన్న పలక చెయ్యి చాచినట్టు లేచేది. దాన్ని కొత్తదానిలా చేసి అప్పజెప్పే రోజున ముసలాయన్నే సంతకం సంగతి అడగాలని మామ అనుకున్నాడు. మా బిల్డింగు వెనక షెడ్డులో రాత్రనక పగలనక దాని మీదే ఉండేవాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని ఇది.

ముందు బంపర్ మధ్యలో అతుకుంది. రెండు ముక్కల నడుమ జానెడు కూడా లేని మూడో ముక్క పెట్టి బోల్టులు బిగించారు. అదే వరసలో బానెట్ మీద కూడా పైనుంచి కిందిదాకా ఒక చదునైన పట్టీ. టీ ఫ్లాస్కు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా నాది ఒకటే పాట.

"ఇది అతుకే మామా. ఎవడో గుద్దిండు, అతికించిండు. నువ్వు చూస్తలేవు!"

"అది ఫ్యాక్టరీ నుంచే అట్ల వచ్చిందేమో పాపా."

"కొత్త కారుకు ఎవడన్నా అతుకేస్తడా? నీ షెడ్డుకొచ్చిన బండ్లల్ల ఏ ఒక్కదానికన్నా ఉందా?"

ఆ మాట ఆయనకు తగిలింది. అతుకు కంటికి కనపడితే అది డెంటర్ పనే కాదన్నది వాళ్ళ పట్టింపు. సాపు చేసిన చోట వేలితో రాసి చూసి, గీత తగిలితే మళ్ళీ మొదలుపెట్టే మనిషి. పైగా పోల్చి చూసుకుందామంటే ఆ ఊళ్ళో అలాంటి కారు రెండోది లేదు. వారం రోజులు నేను చెవిలో జోరీగనయ్యాక, "నీతో నేను గెలవలేను పోమ్మా" అని బోల్టులు విప్పాడు. ఆ ముక్క తీసేసి, అంతే కొలతకు కొత్త రేకు వెల్డింగు చేసి, అరగదీసి, దమ్మాం పంపి మెరుగు వేయించాడు. బంపర్ ఒకే ముక్కయి అద్దంలా మెరిసింది. నేను గెలిచాను. మర్నాడు బానెట్ మీది పట్టీ వంతు.

ఆ మర్నాడు శుక్రవారం. చెప్పాపెట్టకుండా నమాజు అయ్యాక ముసలాయన కొడుకుతో సహా వచ్చాడు. అప్పుడే నేను ఫ్లాస్కుతో షెడ్డు గుమ్మంలో ఉన్నాను. ఆయన కారు చుట్టూ తిరిగి, ముందుకొచ్చి, కొంచెం వంగి, చూపు ఆననివాళ్ళు తడిమినట్టు బంపర్ మీద చేయి పెట్టి మధ్యకు జరిపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు. "వేన్?" అన్నాడు. ఎక్కడ అని. ఆ గొంతు విన్నాక ఆయన ఏం వెతుకుతున్నాడో నాకు కూడా అర్థమైంది.

కొడుకు అరవడం మొదలుపెట్టాడు. ఎవరు చేశారు, ఎవరు చేయమన్నారు? మామ ఒక్కసారి నా వైపు చూసి, ఇంటికి పొమ్మని కనుసైగ చేసి, తల దించుకుని "అనా" అన్నాడు. అనా అంటే నేనే అని.

నాకు అత్తమ్మ సూట్‌కేసు కళ్ళముందు కనిపించింది. రెండడుగులు వెనక్కి వేశాను కూడా, అది దాచను. కానీ మామ మెడ అలా వంగి ఉండడం చూడలేక ముందుకొచ్చి, వచ్చీరాని హిందీలో, "మై బోలీ. అనా, అనా" అన్నాను, చెప్పింది నేనే అని.

ముసలాయన కొడుకును చేత్తో ఆపి, పక్కనున్న టైరు మీద కూర్చుని నన్ను దగ్గరికి పిలిచాడు. సగం అరబ్బీ, సగం బహ్రెయిన్ వ్యాపారాల్లో నేర్చిన హిందీ. అర్థం కానిచోట మామ తెలుగులో చెప్పాడు. ఈ కారు గీసిన మనిషి బండంతా తయారయ్యాక చూసుకుని, ఇది ఇరుకైందనుకున్నాడట. నమూనా బండిని నిలువునా రెండుగా కోయించి, ఆ సగాలను ఎడంగా జరిపించి, ఇదీ సరైన వెడల్పు అన్నాడట. ముసలాయన తన అరచేతులు రెండూ దగ్గరగా పెట్టి, మెల్లగా విడదీసి, మధ్యలో నా నాలుగు వేళ్ళు పెట్టించాడు. ఇంత. అప్పటికే బంపర్లు చేసేసి ఉండడంతో వాటినీ కోసి ముక్క కలిపారు. అది దెబ్బ తగిలి వేసిన అతుకు కాదు.

"ఆ నాలుగు వేళ్ళూ లేకపోతే వెనక సీట్లో మా చిన్నది పట్టేది కాదు" అన్నాడు. పిల్లలు ఎక్కేముందు ఆ ముక్కను తట్టి ఎక్కేవారట. ముందు సీట్లో కూర్చునే భార్య పోయి అప్పటికి మూడేళ్ళు.

మామ లోపలికి వెళ్ళి ఒక పాలపొడి డబ్బా తెచ్చాడు. తీసేసిన ముక్క అందులో గుడ్డ చుట్టి ఉంది. బోల్టులతో సహా. ముసలాయన దాన్ని తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. వారంలో మళ్ళీ బిగిస్తానన్నాడు మామ. అంతవరకే. సంతకం మాట ఎత్తలేదు. తప్పు చేసిన నోటితో అడగకూడదనుకున్నాడు కాబోలు.

నాకు అలాంటి పట్టింపులు లేవు కదా. "ఆమెకు కూడా నాలుగు వేళ్ళ చోటు కావాలి" అని ముసలాయనతో నా హిందీలోనే అన్నాను.

"ఎవరికి?" అన్నాడు ముసలాయన.

"మా అత్తమ్మకు. నెలల పంపిచ్చేస్తరు. మీ కొడుకు సంతకం పెడితే పడ్తది." హిందీ చాలక ఇది తెలుగులోనే చెప్పాను.

మామ ఇది తర్జుమా చేయనన్నాడు. చేసేదాకా వదలనని నేనన్నాను. చేశాడు, నేల చూస్తూ. ముసలాయన పెద్దగా నవ్వి, కొడుకు వైపు తిరిగి ఏదో అన్నాడు. కొడుకు నా వైపు గుర్రుగా చూశాడు కానీ తండ్రితో వాదించలేదు. ఆ వారమే సంతకమైంది. అత్తమ్మ ఇంకో మూడు నెలలు ఉంది. ఆ శుక్రవారం నేను ఇంటికొచ్చాక సంగతంతా విని, జడ అల్లుతూ ఆమె నన్ను తిట్టనూ లేదు, మెచ్చుకోనూ లేదు. ఆ రోజు జడ మాత్రం కొంచెం వదులుగా వేసింది.

ఇప్పుడు నేను రియాద్‌లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మొన్న చలికాలంలో పాత కార్ల ప్రదర్శనకు వెళితే అక్కడ మోరిస్ మైనర్లు మూడున్నాయి. దీపాలు పైకెక్కినది ఒకటి, ముందు అద్దం ఒకే ముక్కయినది ఒకటి, వెనకంతా కర్రచట్రంతో ఉన్నది ఒకటి. మొదటి రకం లేదు. అన్నీ ఒకటే మేడమ్ అన్న అక్కడి కుర్రాడితో అరగంట వాదించాను. మా ఆయన పక్కకెళ్ళి ఫోన్ చూసుకున్నాడు.

నోరు మారలేదు. తప్పు నాదైతే మాత్రం ఎవరూ అడగకముందే "అనా" అంటాను. ఇంటికెవరొచ్చినా సోఫాలో నాలుగు వేళ్ళంత జరుగుతాను. బోలెడంత చోటుంది కదా, ఎందుకు జరుగుతావని మా ఆయన అడుగుతాడు. ఆ ఒక్క విషయంలో ఆయనతో వాదించను.