ఆవిరి ఆగలేదు

2024 ఫిబ్రవరి. ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో పసుపు ఉడకబెట్టే రోజులు. మార్కెట్ యార్డు దారిలో నాకు టీవీలు, వైఫై బాగుచేసే చిన్న దుకాణం ఉంది. ఇన్నేళ్లలో ఒక సంగతి బాగా అర్థమైంది. ఏది ఆగినా మా గిరాకీలకు తప్పు టీవీదే. కరెంటు పోయినా "టీవీ ఖరాబైంది" అంటారు, రీచార్జ్ అయిపోయినా అదే మాట. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆలూర్ నుంచి గంగారెడ్డి ఫోన్ చేసి సరిగ్గా అదే మాట అన్నాడు. పసుపు రైతు. కిందటేడు ధర కలిసొచ్చి గోడ నిండేంత టీవీ కొన్నాడు. వాళ్ల బావమరిది చేన్లో పసుపు ఉడకబెట్టడమంతా ఫోన్‌తో ఫోర్‌కేలో తీసి లాప్‌టాప్‌లో వేసిచ్చాడు. ఫోర్‌కే అంటే వెంట్రుక కూడా లెక్కపెట్టుకోగలిగేంత స్పష్టమైన బొమ్మ. ఆ వీడియో వైఫై మీద టీవీకి పంపితే కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. ఆదివారం చుట్టాలొస్తున్నారు, వాళ్ల ముందు ఇజ్జత్ పోతుందని అతని బాధ.

పోయి చూస్తే రౌటర్ ఇనుప బీరువా వెనక ఉంది. పైగా దాని మీద స్టీలు గిన్నె బోర్లించి ఉంది!

"పసుపు దుమ్ము వడ్తున్నదని నేనే బోర్లిచ్చిన అన్నా" అంది గంగారెడ్డి భార్య సుజాత.

"గిన్నె కింద అన్నముంటది గని సిగ్నల్ ఉంటదా చెల్లే?" అన్నాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

సెకనుకు ఎంత డేటా కావాలో దాన్ని మేం బిట్‌రేట్ అంటాం. ఫోర్‌కే వీడియోకు ఆకలెక్కువ. ఆ ఆకలికి తగినంత డేటా అందకపోతే బొమ్మ నిలబడిపోతుంది. రౌటర్‌ను బయటికి తీసి టీవీకి ఎదురుగా అర మీద పెట్టాను. లాప్‌టాప్‌ను కేబుల్‌తో దానికి కలిపాను. టీవీని ఫైవ్ గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాను. ఆ సిగ్నల్ ఎక్కువ దూరం పోదు గానీ వేగం ఎక్కువ. వీడియో ఆగకుండా నడవసాగింది. సామాన్లు సర్దుకుంటున్నాను.

"అన్నా, మళ్ల ఆగింది సూడు" అంది సుజాత. "గీ జాగలనే ఆగుతది ఎప్పుడూ."

తెర మీద వాళ్ల బిడ్డ శ్రీజ. తొమ్మిదేళ్లుంటాయి. బాయిలర్ పక్కన, చంకలో పసుపు కొమ్ముల తట్టతో నిలబడిపోయి ఉంది. వెనక నుంచి మేనమామ గొంతు "శ్రీజా, ఇటు సూడు బిడ్డా" అని పిలుస్తోంది. మాట నడుస్తూ బొమ్మ ఆగడం మా పనిలో మామూలే. కాకపోతే వైఫై లోపమైతే ఒక్కోసారి ఒక్కో చోట ఆగాలి. ఎప్పుడూ ఒకేచోట ఆగుతుందంటే ఫైలే చెడి ఉండాలి. వెనక్కి జరిపి మళ్లీ వేశాను. మళ్లీ అక్కడే.

మూడోసారి వేసినప్పుడు నా చూపు పాప మీది నుంచి పక్కకు పోయింది. బాయిలర్ నుంచి ఆవిరి లేస్తూనే ఉంది. ఒక కోడి పాప కాళ్ల ముందు నుంచే నడుచుకుంటూ పోయింది.

తెర దగ్గరికి పోయి చూశాను. పాప కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్పలు మాత్రం సన్నగా కొట్టుకుంటున్నాయి. కొద్దిసేపటికి ఏమీ కానట్టు తట్ట సర్దుకుని బాయిలర్ వైపు నడిచింది.

"చెల్లే" అన్నాను. "వీడియో ఆగలే. పాప ఆగింది."

గంగారెడ్డి గయ్యిమన్నాడు. "టీవీ బాగుచెయ్యమంటే నా బిడ్డకు రోగం అంటగడ్తున్నవా?"

"నేను డాక్టర్‌ను గాదు గంగన్నా. నువ్వే సూడు, ఆవిరి సూడు."

మళ్లీ వేశాను. అతను చూశాడు. సుజాత గోడకు ఆనుకుంది. "బళ్లె గూడ గిదే చెప్తున్నరన్నా, పిలిస్తే పలుకదని. మొండికేస్తున్నదని నేను ఒకపారి కొట్టిన గూడ" అంది.

అంతలో శ్రీజ బడి నుంచి వచ్చింది. టీవీలో తనను చూసుకుని సంబరపడింది.

"బిడ్డా, గప్పుడు మామ పిలిస్తే పలుకలేదేం?" అని అడిగాను.

"మామ పిలువనే లేదు గదా."

మళ్లీ వేసి చూపించాను. ఆ పిల్ల తెల్లబోయి చూసింది. తర్వాత మామూలుగా అంది: "నాకు గట్లనే అయితది. సారు కిటికీ కాడుంటడు, మళ్ల సూస్తే బోర్డు కాడుంటడు. నడుమ ఉండదు. అందరికీ గట్లనే గదా?"

గంగారెడ్డి బిడ్డను దగ్గరికి లాక్కున్నాడు. "రేపు మళ్ల బాయిలర్ కాడికి తోల్కపోదమనుకున్న" అన్నాడు. సలసల కాగే నీళ్ల పక్కన ఆ పిల్ల ఎన్నిసార్లు అలా నిలబడి ఉంటుందో తలుచుకుంటే నాకిప్పటికీ భయమే.

ఆ ముక్క గంగారెడ్డి ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాను. నిజామాబాద్‌లో డాక్టరు దాన్ని రెండుసార్లు చూసి, తలకు వైర్లు అంటించి మెదడు పనితీరును గీసే ఈఈజీ పరీక్ష రాశారట. అవి ఫిట్సేనని ఆ పరీక్షలో తేలింది. పడిపోవడం, నురగలు రావడం ఉండవు. కొన్ని సెకన్లు తెలివి తప్పి మళ్లీ వస్తుంది, అంతే. ఇంట్లోవాళ్లు చాలామంది పరధ్యానం అనుకుంటారట. గోళీలు మొదలుపెట్టి, పొయ్యికీ బావికీ దూరంగా ఉంచమన్నారు.

అప్పటి నుంచి ఏది ఆగిందని ఎవరు పిలిచినా, ఆగినదాన్ని తర్వాత చూస్తాను. దాని పక్కన ఏది నడుస్తోందో ముందు చూస్తాను. నా పనిలో ఇది ఏ కంపెనీ ట్రైనింగూ నేర్పలేదు.

వానలు వెనకబట్టాక గంగారెడ్డి మళ్లీ ఫోన్ చేశాడు. "అన్నా, మళ్ల ఆగుతున్నది."

"పాపనా?" అన్నాను.

"పాప మంచిగున్నదన్నా, గీడనే దుంకుతున్నది. ఆగుతున్నది టీవీ. టీవీ ఖరాబైంది."

ఆ మాట అంత తియ్యగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. బండేసుకుని పోయాను. అర మీద రౌటర్, దాని మీద బోర్లించిన స్టీలు గిన్నె. ఈసారి తిట్టబుద్ధి కాలేదు.