సమ్మక్క ఇంటి ముందు మూడు నెత్తుటి చుక్కలు

నాలుగేళ్ల క్రితం మా అక్క నాకు తన కిడ్నీ ఇచ్చింది. శరీరం దాన్ని తోసేయకుండా వేసుకునే మందు రక్తంలో ఎంత ఉందో తరచూ చూడాలి. ఇన్నాళ్లూ నరం నుంచి ట్యూబులోకి తీసేవారు. మోచేయి నల్లగా కమిలిపోయేది. ఈమధ్య ఆసుపత్రివాళ్లు కార్డు ఇచ్చారు. ఇంట్లోనే వేలు గుచ్చుకుని, దాని మీది వలయాల్లో మూడు రక్తపు చుక్కలు వేసి, ఆరబెట్టి పోస్టు చేయాలి. నా మొదటి కార్డులో మందు విపరీతంగా ఎక్కువ వచ్చింది. "ఇంకోటి పంపండి. మళ్లీ అంతే వస్తే డోసు తగ్గిద్దాం" అన్నారు డాక్టరు. అనవసరంగా తగ్గిస్తే అక్క కిడ్నీకే ముప్పు. నిజంగానే ఎక్కువైందా, కార్డే తప్పా? నాలాగే కిడ్నీ మార్పిడి అయి, ఏడాదిగా కార్డులు పంపుతున్న సమ్మక్క ఆసుపత్రి వరండాలో పరిచయం. రెండోది ఆమె ముందే తీద్దామని బయల్దేరాను.

ఖమ్మంలో ఐదింటి బస్సు. ఆధార్ చూపితే ఆడవాళ్లకు జీరో టికెట్. సారపాక దాటి, గోదావరి వంతెన మీదుగా ఎనిమిదిన్నరకు భద్రాచలం. అక్కణ్ణుంచి అడవి అంచు ఊరికి ఆటో మూడు వందలు. హోటల్ దగ్గర ఆపబోతే వద్దన్నాను. "ఏంది మేడం, టిఫిన్ గూడ తినకుండ అడివికి?" అన్నాడు డ్రైవరు. రక్తం తీశాకే తింటానన్నాను. "గట్లయితే జల్దీ పోదాం" అని గేరు మార్చాడు.

పదింటికి, రాత్రి మందుకు సరిగ్గా పన్నెండు గంటలయ్యాక, సమ్మక్క ఇంటి ముందు చాప మీద కూర్చున్నాను. చుక్కలు తీయగానే వేసుకోవాల్సిన మాత్రలు అలవాటుగా అరచేతిలో సిద్ధం చేసుకుని సూది అందుకున్నాను.

"ఆగక్కా! మందు ముట్టిన వేలే గుచ్చుకుంటవా?" అంది సమ్మక్క.

"అయితే ఏమవుతుంది?"

"మందు పొడి వేలికంటుతది. నెత్తురుల కలిసి కార్డెక్కుతది. మందెక్కువైందని సార్ అనుకుంటడు. నాకు గట్లనే అయింది. నరం నుంచి తీస్తే మంచిగనే వచ్చింది."

మాత్రలు పక్కన పెట్టాను. పోయినసారీ నేను చేసింది ఇదే.

"చదువుకున్నోళ్లకు గూడ మా ఆమెనే చెప్పాలె" అని సమ్మక్క భర్త నవ్వాడు. "నువ్వు నీళ్లు పొయ్యి ముందు!" అని గదిమింది.

సబ్బుతో కడిగి, ఆరాక గుచ్చుకున్నాను. చుక్క వలయం నిండా పరుచుకుని కాగితం వెనక్కి ఇంకింది. నా ప్రాణం సంగతి అంత చిన్న మరకలో ఇమిడి ఉంటుందా అని చూస్తూ ఉండిపోయాను.

కార్డు పోస్టు చేసిన వారానికి ఫలితం వచ్చింది. మందు ఉండాల్సినంతే ఉంది, డోసు తగ్గించలేదు. ట్యూబునే నమ్మాలా, చుక్కనా అని ఇన్నాళ్లూ సందేహించాను గానీ, నా వేళ్లను ఒక్కసారీ అనుమానించలేదు. మీరూ కార్డు వాడుతుంటే, చుక్కలు పడేదాకా మాత్రల డబ్బా తెరవకండి.