నా బొమ్మకు అమ్మ చేసిన ఓపెనింగ్

మొన్న ఆదివారం మా అమ్మ నాచారంల అంతమంది ముందర నా పరువు తీసింది. మీరనుకునే సంగతిల మాత్రం కాదు. చాయ్ తాగుకుంట వినున్రి.

మా క్వీర్ ఆర్టిస్టులందరం కలిసి ఇండస్ట్రియల్ ఏరియాల ఒక ఖాళీ షెడ్డు కిరాయికి తీసుకొని ఎగ్జిబిషన్ పెట్టినం. పేరు 'దాపరికం లేదు'. ఆ పేరు పెట్టింది నేనే. మన ప్రేమను మనమే దాస్తే ఎట్ల అని మీటింగుల పెద్ద లెక్చర్ గూడ ఇచ్చిన. చప్పట్లు కొట్టిన్రు.

నా బొమ్మల డాబా మీద చాప, చాప మీద నేనూ నవీనూ, ఇద్దరికి ఒక్కటే బొంత. పక్కన 'సమానంగా పంచుకున్న వెచ్చదనం' అని కార్డు. నవీన్ నా మనిషి. ఉప్పల్‌ల ఒకే ఇంట్ల ఉంటం. బోడుప్పల్‌ల ఉండే అమ్మకు మాత్రం వాడు నా రూమ్మేటు. నిజం తెలిస్తే మల్ల నాతోని మాట్లాడదేమో అని భయం. అందుకే ఎగ్జిబిషన్ సంగతే చెప్పలేదు.

మధ్యాహ్నం చూస్తే గేటు కాడ ఆటో దిగుతున్నది అమ్మ. తోడుగ పక్కింటి సరోజ ఆంటీ. కాలనీ వాట్సాప్ గ్రూపుల మా పోస్టర్ తిరిగిందట. గుడికి పోయి అటు నుంచి అటే వచ్చిన్రు.

చాయ్ టేబుల్ మీది ఎర్ర బట్ట గుంజి బొమ్మ మీద కప్పిన. నవీన్ నా దిక్కు చూసిండు. తిట్టినా బాగుండేది.

అమ్మ ఒక్కో బొమ్మ చూసుకుంట వచ్చి నా పేరు కాడ ఆగింది.

"ఏందిరా, నీదింక ఓపెనింగ్ కాలేదా?"

"పెయింట్ ఆరలేదమ్మా."

"ఆరనిదాని మీద బట్ట కప్పుతరారా? సరోజక్కా, గుడి కాడ జనంల కొట్టలేకపోయిన కొబ్బరికాయ ఉన్నది గద, జర తియ్యి."

ఎర్ర బట్ట కప్పింది కనవడితే మనోళ్లు ఓపెనింగే అనుకుంటరు. గంత తెలివి నాకు లేకపాయె. పొద్దటి సంది నా బొమ్మను సరిగ్గ చూడనోళ్లు గూడ ఫోన్లు పట్టుకొని చుట్టూ మూగిన్రు. అమ్మ గడప కాడ కాయ కొట్టింది. వచ్చి బట్ట గుంజింది.

అమ్మ బొమ్మల బొంత మీద వేలు పెట్టింది.

"గిది నేను కుట్టిన బొంతనే గద."

"అవునమ్మా."

"నువ్వు, గీ నవీను..."

"అవునమ్మా."

"నాకెరుకే రా. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా సూస్తనే ఉన్న, ఇద్దరికి మంచం ఒక్కటే. నువ్వే చెప్తవని ఆగిన."

కళ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇన్ని రోజులు ఉత్తగ భయపడ్డ. పోయి అమ్మను పట్టుకుందామనుకున్న. ఆమె నన్ను పక్కకు జరిపి బొమ్మకు ఇంక దగ్గరగ పోయింది.

"అగో, బొంతంత వీని మీదనే. ఆ పోరగాని కాళ్లు సలికి బయటనే ఉన్నయి. చిన్నప్పుడు వీడు వాళ్లక్కకు గూడ గిట్లనే దుప్పటి ఉంచకపోతుండె. నిజంగ గూడ గంతేనా బిడ్డా?"

"రోజూ గంతే అమ్మా," అన్నడు నవీన్. గా నిమిషం దాక ఆంటీ అని పిలిచినోడు.

ఆ తర్వాత వచ్చినోళ్లందరు ముందు ఆ కార్డు చదువుడు, తర్వాత నవీన్ కాళ్లు చూసుడు, ఆఖరికి నన్ను చూసుడు. అమ్మ ఇప్పుడు ఇంకో బొంత కుడుతున్నది. నవీన్ ఒక్కనికే అంట.